పచ్చ తలుపు ఇల్లు, చెప్పులు కిందే వదలాలి

శుక్రవారం పొద్దున ఫెబీ పొయ్యి మీద పాలు పెట్టి, ఒక్కదానికే కదా, గ్లాసులో తాగాలా గిన్నెలోనే తాగెయ్యాలా అని ఆలోచిస్తుండగా జోసెఫ్ ఫోన్ చేశాడు.

"రేపొస్తన్నా," అన్నాడు.

"ఏంటీ?"

"రేపు మధ్యాన్నం బండికి వస్తన్నా. సోమవారం తెల్లారి పోతే చాలన్నారు. ఆదివారమంతా మనదే."

పాలు పొంగిపోయాయి. ఫెబీ వాటిని చూస్తూనే ఉంది గాని పొయ్యి ఆపలేదు. పెళ్ళయినప్పటి నుంచి జోసెఫ్ నంద్యాల అవతలి సోలార్ ప్లాంటులో షిఫ్టు మీద షిఫ్టు చేస్తూ, వస్తే చీకటి పడ్డాక వచ్చి, తెల్లారకముందే పోయేవాడు. పగటి వెలుగులో మొగుడి ముఖం ఎలా ఉంటుందో చూడాలంటే ఆమెకు పెళ్ళి ఫోటోలే దిక్కు.

"అయితే ఆదివారం ఆరాధన అయ్యాక కంభం చెరువుకి వెళ్దాం. కట్ట మీద కూర్చుంటే లేవబుద్ధి కాదని మీరే చెప్పారుగా."

"పోదాం. కానీ మనిద్దరమే. మా వాళ్ళకెవురికీ చెప్పొద్దు. ఒకరికి చెప్తే ఊరంతా వస్తాది."

"నేనెవరికి చెప్తానండీ? నాకెవరు తెలుసు?"

నవ్వుతూనే అంది గాని అది నిజం. ఫెబీది చీరాల. గిద్దలూరు వచ్చి రెండు నెలలు దాటుతున్నా ఆ ఊళ్ళో ఆమెను పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు. అత్తమామలు మిరప కోతలకు గుంటూరు వైపు పోయారు. కింద కిరాణా కొట్టు నడిపే ఇంటి యజమానురాలు రామతులసమ్మ, ఇల్లు అద్దెకిచ్చిన రోజున మాత్రం నోరారా మాట్లాడింది. "చుట్టాలు రాగూడదు. బోరు సన్నగా పోస్తాంది. చెప్పులు కిందే ఇడవాల." ఆ తరవాత ఆమె నోటి నుంచి మేడ మీదికి వచ్చే మాట ఒక్కటే. మోటారు వేసినప్పుడల్లా కింద నుంచి "నీళ్ళు" అంటుంది. ఫెబీ పై నుంచి "సరేనండీ" అంటుంది. కొన్ని రోజుల్లో ఆమె మనిషితో ఆడిన మాట ఆ "సరేనండీ" ఒక్కటే. మిగతావన్నీ కుక్కరుతో ఆడినవి.

అయినా ఫెబీకి ఆ ఇల్లంటే ముచ్చట. తలుపుకి వేసిన పచ్చ రంగు ముచ్చట. పక్కపక్కన నిలబెట్టిన రెండు కంచాలు ముచ్చట. కొక్కేనికి వేలాడే జోసెఫ్ నీలం చొక్కాను, అతను వేసుకోకపోయినా, వారానికోసారి ఉతికి ఆరేసేది. మనిషి ఉన్న ఇల్లులా ఉండాలని.

పొంగిన పాలు తుడిచి, మిగిలినవి తాగి, ఫెబీ లాప్‌టాప్ ముందు కూర్చుంది. రేపు సెలవు కావాలంటే ఈ పని మధ్యాహ్నంలోగా తెమలాలి. ఆమె పని చేసేది హైదరాబాదులో ఫణికృష్ణ అనే అతని చిన్న కంపెనీకి. ఫణికృష్ణ సొంతూరు మార్కాపురం. అక్కడ అతని బాబాయి కాశీవిశ్వనాథం పార్సిల్ సర్వీసు నడుపుతాడు. ఇన్నాళ్ళూ నోటి మాట మీదా, పెట్టెల మీద గీసిన సున్నపు గుర్తుల మీదా నడిచిన ఆ వ్యాపారాన్ని ఇప్పుడు కంప్యూటరుకి ఎక్కిస్తున్నారు.

అందులో ఫెబీ పని ఒక నిర్వచన ఫైలు రాయడం. పార్సిల్ బుక్ చేసేటప్పుడు ఏమేం అడగాలి, పేరు ఎక్కడ, ఊరు ఎక్కడ, అడ్రసు ఎక్కడ, ఫోన్ నంబరు ఎక్కడ అన్నది ఆ ఫైల్లో వరసగా రాస్తే, జనరేటర్ అనే ప్రోగ్రాము దాన్ని చదివి మిగతా కోడంతా తనే రాసేస్తుంది. బుకింగుకి, రసీదుకి, పెట్టె మీద అంటించే లేబులుకి, అన్నిటికీ. జంతికల గొట్టం లాంటిది. బిళ్ళ సరిగ్గా పెట్టి పిండి వేసి నొక్కితే చాలు, ఎన్ని కావాలంటే అన్ని దిగుతాయి. బిళ్ళలో బెజ్జం తేడా వస్తే మాత్రం, మూకుడు నిండా అదే తేడా.

ప్రతి గడి పక్కనా ఒక నమూనా రాయాలి. అడ్రసు గడి దగ్గరికి వచ్చేసరికి ఒక గిద్దలూరు అడ్రసు కావాల్సి వచ్చింది. గిద్దలూరులో ఫెబీకి తెలిసిన అడ్రసు ఒక్కటే. ఉత్సాహంలో దాన్ని పూర్తిగా రాసింది: ఫెబీ, రామతులసమ్మ గారి మేడ మీద, స్టేషన్ రోడ్డు, పచ్చ తలుపు ఇల్లు, చెప్పులు కిందే వదలాలి. కింద తన ఫోన్ నంబరు.

దాన్ని "ఉదాహరణ" అనే మాట ఎదురుగా రాయాలి. రేపు గోంగూర కోడికూరా, ఉత్త కోడికూరా అని ఆలోచిస్తూ "డిఫాల్ట్" అనే మాట ఎదురుగా రాసింది. ఉదాహరణ అంటే, ఇలాంటిది రాయండి అని మనిషికి చెప్పడం. డిఫాల్ట్ అంటే, ఎవరూ ఏమీ రాయకపోతే ఇదే వేసుకో అని యంత్రానికి చెప్పడం. జనరేటర్ చెప్పిన మాట వింది. గోంగూరే అని ఫెబీ నిశ్చయించుకునేలోగా కోడంతా రాసి పెట్టేసింది.

ఫణికృష్ణ చూసి మెచ్చుకున్నాడు. "ఈ సాయంత్రమే మొదలుపెట్టేద్దామండీ."

"సర్, సోమవారం ఒకసారి పరీక్ష చేసి..."

"సోమవారం మంచిది కాదంట. బాబాయ్ ఈ సాయంత్రానికి ముహూర్తం పెట్టించుకున్నాడు. కొబ్బరికాయ కూడా తెచ్చేశాడు."

అలా ఆ సాయంత్రం మార్కాపురంలో కంప్యూటరుకి బొట్టు పెట్టి బుకింగ్ మొదలుపెట్టారు. హైదరాబాదులో అయితే ఏమీ అయ్యేది కాదు, అక్కడి వాళ్ళు అడ్రసు రాస్తారు. ఈ వైపు అడ్రసు రాసే అలవాటు లేదు. కొమరోలు సుబ్బన్నకు అంటే కొమరోలు సుబ్బన్నకే. కంభం నాగమల్లేశ్వరికి అంటే చాలు. కౌంటరులో గుమాస్తా అడ్రసు అడిగితే, "సుబ్బన్న ఇల్లు నీకు తెలీదా?" అని ఎదురు తిరుగుతారు. గుమాస్తాకి తెలుసు. కాబట్టి అడ్రసు గడి, ఫోన్ గడి ఖాళీగా వదిలేశాడు. తరవాతి వాళ్ళవీ అంతే. యంత్రం ఖాళీలన్నీ ఓపిగ్గా నింపి, రసీదులు అచ్చు వేసి చేతిలో పెట్టింది. పంపినవాళ్ళు ఆ రసీదు చూసి, అవతలి వాళ్ళకి ఫోన్ చేసి చెప్పారు. ఇప్పుడు పార్సిళ్ళు గిద్దలూరులో ఫలానా ఫెబీ ఇంటికి వస్తాయంట, పోయి తెచ్చుకో అని.

శనివారం పొద్దున ఫెబీ తలంటుకుని, గోంగూర ఒలుస్తుండగా మొదటి ఫోన్ వచ్చింది.

"ఫెబీయేనా అమ్మా?"

ఎవరో పెద్దాయన. ఆ పిలుపు వినగానే ఆమె గోంగూర పక్కన పెట్టి లేచి నిలబడింది. "అవునండీ."

"నేనమ్మా, కొమరోలు సుబ్బన్న మామను. స్టేషన్ రోడ్డులో రామతులసమ్మ మేడే గదా మీది? పచ్చ తలుపు?"

"అవును మామయ్యా."

"వస్తన్నా. ఇంట్లోనే ఉండు."

జోసెఫ్‌ది కొమరోలు పక్క పల్లెటూరు. పెళ్ళిలో మామలూ, చిన్నమామలూ వరసకట్టి అక్షింతల్లా ఆశీర్వాదాలు చల్లిపోయారు. వాళ్ళలో ఈయన ఎవరో గుర్తు రాలేదు. ఈ వైపు మనుషులు దారిన పోయేవాళ్ళని కూడా వరస పెట్టి పిలుస్తారని ఆమెకు ఇంకా తెలియదు. కొత్త కోడలు, మీరెవరు మామయ్యా అని అడగడం బాగుండదు. అందుకని, "భోజనానికి రండి మామయ్యా," అంది.

"భోజనం గూడానా?" అన్నాడాయన నెమ్మదిగా. "సరేమ్మా. పెట్టేదానికి నీకు లేని ఇబ్బంది తినేదానికి నాకేంది?"

గోంగూర ఒలవడం పూర్తికాకుండానే రెండో ఫోన్. "వదినా, నేను కంభం నాగమల్లేశ్వరిని. నీకు శ్రమ పెడతన్నాం. మధ్యాన్నం బస్సుకు వస్తన్నా."

"శ్రమేముంది వదినా, భోజనానికి రండి."

తరవాత వెంకాయమ్మ పెద్దమ్మ. ఆ తరవాత ఎవరో బాబాయి, ఎవరో అన్న. ఫెబీ అందరికీ అన్నం ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ చప్పుడు చేయని ఫోన్ చేతిలో వెచ్చగా అయింది. ఒక పక్క సంతోషం. ఇంకో పక్క, ఇద్దరమే అన్న మనిషి ఇంతమందికి చెప్పాడేమిటని ఉక్రోషం. జోసెఫ్‌కి ఫోన్ చేసింది.

"మీ వాళ్ళకి చెప్పొద్దని నాకు చెప్పి, మీరే చెప్పారా?"

"ఎవురికి?" రైలు చప్పుడులో అతని గొంతు సగమే వినబడింది.

"సుబ్బన్న మామయ్యకి."

"ఏ సుబ్బన్న? మాకు సుబ్బన్నలు నలుగురున్నారు. నేనెవురికీ..."

రైలు అడవిలోకి పోయింది. ఇక గిద్దలూరు వచ్చేదాకా సిగ్నల్ ఉండదు.

నలుగురు సుబ్బన్నలూ వస్తారేమోనని భయపడి ఫెబీ బియ్యం కోసం కింద కొట్టుకి దిగింది. రామతులసమ్మ త్రాసు పక్కన కూర్చుని కళ్ళజోడు పై నుంచి చూసింది.

"ఇన్ని బియ్యమా? ఎవురన్నా వస్తన్నారా?"

"ఎవరూ రావట్లేదండీ. ఈ మధ్య ఆకలి ఎక్కువగా ఉంది."

రామతులసమ్మ ఆమెను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, "ఎన్నో నెల?" అని అడిగింది. ఫెబీ బియ్యం సంచి పట్టుకుని మెట్లెక్కి పారిపోయింది. రెండు నెలల్లో ఇద్దరి మధ్య జరిగిన అతి పెద్ద సంభాషణ అదే.

అన్నం ఉడుకుతుండగా వీధిలో వ్యాను ఆగింది. డ్రైవరు పార్సిళ్ళు మోసుకొచ్చి వసారాలో పెట్టడం మొదలుపెట్టాడు. మార్కాపురం పలకల కట్టలు, మూతకి బెజ్జాలున్న అట్టపెట్టె, గోనెసంచులు, చివరికి మనిషి దూరేంత డ్రిప్ పైపుల చుట్ట. చుట్ట తలుపులోంచి దూరక, పక్కకి వాల్చి తోస్తే లోపలికి వచ్చి, కొక్కేనికున్న నీలం చొక్కాను కూడా లాక్కుని గది మధ్యలో పడింది.

"ఇవన్నీ ఎవరివండీ?"

"మీవే గదక్కా. సంతకం పెట్టు."

ఫెబీ ఒక లేబులు చూసింది. పైన కొమరోలు సుబ్బన్న అని ఉంది. కింద అచ్చులో తన పేరు, స్టేషన్ రోడ్డు, పచ్చ తలుపు ఇల్లు, చెప్పులు కిందే వదలాలి. ఇంకో లేబులు చూసింది. పైన నాగమల్లేశ్వరి, కంభం. కింద చెప్పులు కిందే వదలాలి. మూడోది చూడాల్సిన అవసరం కలగలేదు. డిఫాల్ట్ అనే మాట ఆమె కళ్ళ ముందు నిలబడింది. పొద్దుటి నుంచి తనను ఆప్యాయంగా పిలిచినవాళ్ళలో ఒక్కరూ తన చుట్టం కాదని కూడా అప్పుడే అర్థమైంది. అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఫణికృష్ణకు ఫోన్ చేసింది. అతను అప్పటికే కోడు ముందేసుకుని కూర్చున్నాడు.

"లేబులు కోడులో మీ అడ్రసు చూసి తీసేశానండీ. రసీదులో ఉంది. అక్కడా తీసేశాను. ఇంకెక్కడైనా ఉందేమోనని మళ్ళీ జనరేటర్ నడిపితే, అన్నిచోట్లా మళ్ళీ మీరే."

"కోడులో తీసేస్తే పోదు సర్. అది నిర్వచనం ఫైలు చూసి మళ్ళీ మొత్తం రాస్తుంది. అక్కడ మార్చాలి."

"అయితే మార్చండి."

"ఫైలు నా లాప్‌టాప్‌లో ఉంది సర్."

"లాప్‌టాప్ ఎక్కడుంది?"

ఫెబీ గది కేసి చూసింది. "పైపుల కింద," అంది.

అప్పుడే సుబ్బన్న వచ్చాడు. మోటారు సైకిలు కింద ఆపి, రసీదులో రాసిన ప్రకారం చెప్పులు కొట్టు ముందు విడిచి, మెట్లెక్కి వచ్చి, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళడిగాడు. పైపుల సంగతి కంటే ముందు అన్నం సంగతి అడిగాడు. తప్పంతా చెప్పి క్షమాపణ అడుగుదామని నోరు తెరిచిన ఫెబీ, "కూర్చోండి మామయ్యా," అని మాత్రం అనగలిగింది. పిలిచాక పెట్టకుండా ఎలా?

సుబ్బన్న తృప్తిగా తిని, వసారాలో నిలబడి ఫోన్లో ఎవరితోనో గట్టిగా చెప్పాడు. "సర్వీసు శానా బాగుండాదిరా. పార్సిలుకు పోతే అన్నం పెడతన్నారు. గోంగూర గూడా."

ఆ ఫోన్ ఎవరికి చేశాడో గాని, ఆ తరవాత పార్సిళ్ళు ఉన్నవాళ్ళతో పాటు లేనివాళ్ళూ రావడం మొదలైంది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు చెప్పులు కిందే వదిలారు. కొట్టు గడప ముందు చెప్పుల కుప్ప లేచింది. సరుకులకు వచ్చినవాళ్ళు ఆ కుప్ప దాటలేక, ఎవరికో ఏదో అయిందనుకుని, ముఖాలు దిగులుగా పెట్టుకుని నిలబడ్డారు. ఒకాయన రామతులసమ్మ దగ్గరికి వచ్చి, "ఎప్పుడు పోయినారు?" అని మెల్లగా అడిగాడు.

రామతులసమ్మ మోకాళ్ళ నొప్పిని లెక్క చేయకుండా మేడ ఎక్కింది. "ఏందిది ఫెబీ? చుట్టాలు రాగూడదని చెప్పినా గదా?"

రెండు నెలల తరవాత ఇంటావిడ నోట మొదటిసారి తన పేరు విని ఫెబీకి ఏడుపొచ్చింది. "చుట్టాలు కాదండీ, పార్సిళ్ళు."

"పార్సిళ్ళు అన్నం తింటన్నాయా?"

ఫెబీ జరిగింది మొత్తం చెప్పింది. నిర్వచన ఫైలు, జనరేటర్, డిఫాల్ట్, అన్నీ. రామతులసమ్మ అంతా విని ఒకే ఒక ప్రశ్న వేసింది. "అయితే నా పేరు గూడా ఆ కాయితాలన్నిటి మీదా పడిందా?"

"పడిందండీ. మార్కాపురం నుంచి కొమరోలు దాకా."

రామతులసమ్మ ఒక లేబులు తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, తన పేరు చదువుకుంది. తరవాత తలుపు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. "నా పేరు మీద వచ్చిన సరుకు ఎవురికి బడితే వాళ్ళకిస్తావా? పిలువు ఒక్కొక్కరినీ."

అక్కడి నుంచి పని ఇంకా నెమ్మదించింది. ఆమె ఎవరినీ తిన్నగా పోనివ్వలేదు. పేరేంది, మీ నాయన పేరేంది, మీ అమ్మది ఏ ఊరు, మీ చిన్నాయన కొట్టు మూసేసినాడంట ఎందుకు, ఇవన్నీ తెలిస్తే గాని పెట్టె కదలదు. వెంకాయమ్మ తన పలకల కట్ట కోసం వచ్చి, పుట్టింటి వివరాలు చెప్పి చెప్పి అలిసిపోయి, "నాకు పలకలు వద్దు తల్లీ, ఇడిసిపెట్టు," అంది. వరస మెట్ల మీది నుంచి వీధిలోకి పాకింది. ఇద్దరి కోసం వండిన కోడికూరలో ఫెబీ నీళ్ళు పోసి, ఇంకా పోసి, చివరికి దానికి పులుసు అని పేరు పెట్టి వడ్డించింది. సుబ్బన్న పొలం నుంచి తెచ్చిన వంకాయలను నాగమల్లేశ్వరి కొంగు బిగించి తరిగేసింది.

నాగమల్లేశ్వరిదే ఆ బెజ్జాల అట్టపెట్టె. అందులో కోడిపిల్లలున్నాయి. వాటికీ ఆకలై ఉంటుందని ఆమె మూత కొంచెం ఎత్తి నూకలు వేయబోయింది. అంతే, పసుపు ఉండలన్నీ గది నలుమూలలా దొర్లిపోయాయి. పంక్తిలో కూర్చున్నవాళ్ళు విస్తళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని లేచారు. రెండు పిల్లలు పైపుల చుట్టలోకి దూరి అక్కడి నుంచి కీచుకీచుమంటూ ఎంత పిలిచినా రాలేదు.

ఈ గొడవలోనే మధ్యాహ్నం బండి వచ్చింది. జోసెఫ్ సంచి భుజాన వేసుకుని, దారిలో మల్లెపూలు పొట్లం కట్టించుకుని, ఈల వేసుకుంటూ వీధి మలుపు తిరిగాడు. ఇంటి ముందు జనాన్ని, చెప్పుల కుప్పను చూసి ఈల ఆపాడు. పరుగెత్తి మెట్లెక్కబోతే ఎవరో చెయ్యి పట్టుకున్నారు.

"యాడికి పోతన్నావబ్బాయా? వరసలో నిలబడు. మేం పొద్దున్నుంచి ఉండామిక్కడ."

"మా ఇల్లన్నా ఇది."

"అందరూ అట్లనే చెప్తన్నారు. చెప్పులు ఇడువు."

జోసెఫ్ చెప్పులు విడిచాడు. వరసలో నిలబడ్డాడు. మెట్టు మెట్టుగా పైకి వచ్చి తలుపు దగ్గరికి చేరేసరికి మల్లెలు వాడాయి. రామతులసమ్మ తలెత్తకుండా, "పేరు?" అంది.

"జోసెఫ్."

"నాయన పేరు?"

"ఇస్సాకు."

"ఏ పార్సిలు?"

జోసెఫ్ లోపలికి చూశాడు. ఆవిర్ల మధ్య, భుజం మీద ఒక కోడిపిల్లతో, చేతిలో గరిటెతో ఫెబీ నిలబడి ఉంది. పగటి వెలుగులో.

"అదిగో," అన్నాడు. "గరిటె పట్టుకోని ఉండాది. అదే నాది."

రామతులసమ్మ కళ్ళజోడు తీసి చూసింది. "లేబులు లేకుండా ఇయ్యను," అంది గాని, కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుంది. పంక్తిలో కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. ఫెబీ ముఖం ఎర్రబడింది. అతనితో చెప్పాలనుకున్నవి ఎన్నో ఉన్నా, "చేతులు కడుక్కోండి, ఆకు వేస్తాను," అన్న మాటే బయటికి వచ్చింది.

పొద్దు వాలేసరికి పార్సిళ్ళు ఒక్కొక్కటే కదిలాయి. పైపుల చుట్ట మోటారు సైకిలు మీద పట్టలేదు. సుబ్బన్న ఆటో మాట్లాడుకుని, చుట్టను దాని మీద కట్టించి, బండి తాళం ఫెబీ చేతిలో పెట్టాడు. "రేపొచ్చి తీసుకుంటాలే అమ్మా. తాగను నీళ్ళు గూడా శానా బాగున్నాయి," అన్నాడు. నాగమల్లేశ్వరి దొరికిన పిల్లల్ని పెట్టెలో వేసుకుని, దొరకని దానిని ఫెబీకే వదిలి బస్సెక్కింది. రామతులసమ్మ కుర్చీ లోపల పెట్టించి దిగిపోయింది.

పైపులు పోయాక బల్ల మీద లాప్‌టాప్ బయటపడింది; అందరూ పోయాక ఆ దొరకని కోడిపిల్లా బల్ల కిందినుంచి బయటికి వచ్చింది. ఫెబీ నిర్వచన ఫైలు తెరిచింది. డిఫాల్ట్ ఎదురుగా తన పేరు, తన ఇల్లు, తన పచ్చ తలుపు. ఆమె వేలు కాసేపు అలాగే ఆగింది. పొద్దుటి నుంచి అమ్మా అనీ, వదినా అనీ, అక్కా అనీ పిలిచిన గొంతులన్నీ ఆ వరసల్లోంచే వచ్చాయి. వాటిని చెరిపేసింది. అడ్రసు లేకపోతే బుక్ చెయ్యకు అని రాసింది. జనరేటర్ నడిపింది. అది ఎప్పటిలాగే చెప్పిన మాట విని, మొత్తం మళ్ళీ రాసింది.

ఫణికృష్ణ అన్నీ వెతికి ఫోన్ చేశాడు. "పోయిందండీ. ఇప్పుడు మీరు ఎక్కడా లేరు."

"థాంక్యూ సర్," అని ఫెబీ ఫోన్ పెట్టేసింది.

ఇల్లు నిశ్శబ్దమైంది. ఇద్దరూ వసారాలో కూర్చుని అడుగంటిన అన్నం, నీళ్ళ కోడికూర తిన్నారు. బాగుందని జోసెఫ్ అబద్ధం చెప్పాడు. ఆమె ఫోన్ ఆమె పక్కనే ఉంది. మోగలేదు. ఫెబీ దాన్ని బోర్లించింది, మళ్ళీ తిప్పి పెట్టింది.

"ఏంది అట్ల చూస్తన్నావు?"

"ఏం లేదు. వాళ్ళంతా మీ చుట్టాలనుకున్నానండీ."

"చుట్టాలు కాకపోతే ఏమాయె? అన్నం తిన్నారు గదా." అతను అన్నం కలుపుతూ అన్నాడు, "నేను సోమవారం పోయినాక నీకు మళ్ళీ ఒక్కదానికే గదా?"

ఫెబీ సంచిలోంచి వాడిన మల్లెలు తీసి, వాటినే తలలో పెట్టుకుంది. వాటికి ఇంకా వాసన ఉన్నందుకు ఆశ్చర్యపోయింది.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినబడింది. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, "అబ్బా" అనుకుంటూ. రామతులసమ్మ. "నీళ్ళు" అంటుందేమోనని ఫెబీ, "సరేనండీ," అంటూ లేచింది.

"ఏంది సరే? నేనింకా చెప్పందే." రామతులసమ్మ గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంది. "రేపు కంభం చెరువుకు పోతన్నారంట గదా. కూరగాయలు తరిగేటప్పుడు నువ్వే ఆ నాగమల్లేశ్వరికి చెప్పినావంట. ఆ పిల్ల కట్ట కాడ ఎదురు చూస్తా అనింది. నేను ఆటో మాట్లాడినా. మీ ప్రార్థన అయినాక బయల్దేరుదాం. పులిహోర నేను చేస్తా. నీ కోడికూర మాత్రం తేవాకు, నేను తినను, అయినా అదేం కూర."

జోసెఫ్ ఫెబీని చూశాడు. ఎవరికీ చెప్పొద్దన్న మాట అతని ముఖం మీదే ఉంది. ఫెబీ కోడిపిల్లను చూసింది.

"ఎవరెవరు వస్తున్నారండీ?" అని అడిగింది.

"నేను, మా చెల్లెలు, సుబ్బన్న, సుబ్బన్న భార్య, ఆ పలకల వెంకాయమ్మ, ఆమె మనవరాలు. మీ ఇద్దరు." రామతులసమ్మ వేళ్ళు ముడిచి మళ్ళీ విప్పి చూసుకుంది. "ఆటోవాడు ఆరుగురికి మించి ఎక్కించుకోనంటన్నాడు. ఇద్దరికి చోటు చాలదు. ఆ ఇద్దరూ ఎవురో పొద్దున చూద్దాంలే."

ఆమె దిగిపోయింది. ఫెబీ కొంగున ముడేసుకున్న సుబ్బన్న మామ బండి తాళం తీసి, అన్నం గిన్నె పక్కన, జోసెఫ్‌కి కనబడేలా పెట్టింది.

ఖాళీగా వదిలేసిన చోట ఎవరి పేర్లు పడతాయో ఈ పాటికి ఆమెకు బాగా తెలుసు.